హీటరు కడ్డీ, మీటరు దీపం: వాట్ల లెక్క, యూనిట్ల లెక్క

బెంగళూరు వఠారాలలో అద్దెకుండే తెలుగు కుటుంబాలలో చాలావాటికి విద్యుత్ బిల్లు నేరుగా చేతికి రాదు. వీధివైపు గోడకు ఇంటి యజమాని పేరున ఒక మీటరు, లోపల ఒక్కొక్క వాటాకు ఒక చిన్న సబ్‌మీటరు ఉంటాయి. నెల మొదట్లో ఓనరు ఒక కాగితం ముక్కపై యూనిట్ల సంఖ్య వేసి, దాని క్రింద రూపాయలు వ్రాసి ఇస్తారు. అద్దెతో కలిపి ఆ సొమ్ము చెల్లించడమే తప్ప, ఆ సంఖ్య ఎక్కడినుండి వచ్చిందో విచారించేవారు తక్కువ. అడగడానికి మొగమాటం ఒక కారణం. ఏమని అడగాలో తెలియకపోవడం అంతకంటె పెద్ద కారణం.

అటువంటి ఒక వాటాను ఊహించుకోవచ్చు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఒక గది, ఒక వంటిల్లు. మూడు ఎల్‌ఈడీ బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ, ఒక ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచుకునే హీటరు కడ్డీ. ఫ్రిజ్ లేదు. నెల కాగితంలో 112 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయల చొప్పున 896 రూపాయలు. ఈ సంఖ్య న్యాయమైనదేనా? ఇందుకు కావలసిన సమాచారమంతా ఆ గదిలోనే, ఒక్కొక్క పరికరంపై ముద్రించిన చిన్న అక్షరాలలోనే ఉన్నది. ఎనిమిదో తరగతి గుణకారం, భాగహారం వచ్చినవారు ఎవరైనా దానిని చదివి లెక్క కట్టవచ్చు.

ఓల్టు, ఆంపియరు, ఓము, వాటు

మేడమీది నీటితొట్టి ఎంత ఎత్తున ఉంటే కొళాయి దగ్గర నీటి ఒత్తిడి అంత ఎక్కువ. విద్యుత్తులో ఆ ఒత్తిడిని ఓల్టేజి అంటారు. దాని కొలత ఓల్టు. మన దేశంలో ఇళ్లకు అందే సరఫరా 230 ఓల్టులు. గొట్టంలో పారే నీటివలె తీగలో పారేది విద్యుత్ ప్రవాహం. దాని కొలత ఆంపియరు. గొట్టం సన్నబడితే నీటికి అడ్డు పెరిగినట్లే, ప్రవాహానికి కలిగే అడ్డును నిరోధం అంటారు. దాని కొలత ఓము. ఓల్టేజిని నిరోధంతో భాగిస్తే ప్రవాహం వస్తుంది. జర్మనీకి చెందిన గియోర్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రమిది. కొలతకు ఆయన పేరే పెట్టారు.

నాలుగవది వాటు. ఓల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. పరికరం ఒక్కొక్క క్షణంలో ఎంత విద్యుత్తును వేడిగానో వెలుగుగానో మారుస్తున్నదో, అనగా దాని సామర్థ్యం ఎంతో, ఈ సంఖ్య తెలుపుతుంది. బజారులో దొరికే సాధారణ హీటరు కడ్డీపై 1500 వాట్లు, 230 ఓల్టులు అని ఉంటుంది. 1500ను 230తో భాగిస్తే 6.5. అంటే కడ్డీ పనిచేస్తున్నంతసేపు తీగలో సుమారు ఆరున్నర ఆంపియర్లు పారుతున్నాయి. 230ని మళ్లీ ఆ 6.5తో భాగిస్తే సుమారు 35. కడ్డీలోపలి నిక్రోమ్ తీగ నిరోధం 35 ఓములు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉన్నది. నిరోధం ఎక్కువైతే వేడి ఎక్కువ పుడుతుందని అనుకుంటారు. ఓల్టేజి స్థిరంగా ఉన్నచోట జరిగేది దీనికి తలక్రిందులు. పాతకాలపు 40 వాట్ల గాజుబల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 1,320 ఓములు. 1500 వాట్ల కడ్డీ నిరోధం 35 మాత్రమే. అడ్డు తక్కువ కనుకనే కడ్డీ అంత ప్రవాహాన్ని లాగుతుంది, అంత వేడిని ఇస్తుంది. సూత్రంగా చెప్పాలంటే, ఓల్టేజిని ఓల్టేజితోనే గుణించి నిరోధంతో భాగిస్తే వాట్లు వస్తాయి: 230 × 230 = 52,900; దానిని 35.3తో భాగిస్తే 1500.

యూనిట్ అంటే

వాటుకు యూనిట్‌కు గల తేడా ఆటో ఎక్కినవారికి సులభంగా బోధపడుతుంది. బండి ఎంత వేగంగా పోతున్నదన్నది ఒక సంగతి, ఎంత దూరం పోయిందన్నది మరొకటి. వాటు వేగం వంటిది. యూనిట్ దూరం వంటిది. మీటరు డబ్బు అడిగేది దూరానికే. 1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్. దీనినే కిలోవాట్ గంట అంటారు. శాస్త్రగ్రంథాలలో శక్తికి కొలత జౌలు: ఒక వాటు సామర్థ్యంతో ఒక సెకను పనిచేస్తే ఒక జౌలు. గంటకు 3,600 సెకన్లు కావున, ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లకు సమానం.

ఇప్పుడు ఆ వాటా లెక్క. నలుగురి స్నానాలకు, వంటింటికి కలిపి కడ్డీ రోజుకు గంటసేపు పనిచేస్తే ఒకటిన్నర యూనిట్లు. 30 రోజులకు 45. ఫ్యాను 75 వాట్లు, రోజుకు 8 గంటలు: నెలకు 18. టీవీ 60 వాట్లు, 4 గంటలు: సుమారు 7. మూడు బల్బులు 9 వాట్ల చొప్పున 27 వాట్లు, 5 గంటలు: 4. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు, వారానికి అరగంట: 2. మొత్తం 76 యూనిట్లు. దీనిలో సగానికి మించి హీటరు కడ్డీదే. ఖర్చు తగ్గించాలని పిల్లలు చదువుకునే బల్బును ఆర్పివేసే ఇళ్లు ఈ వరుసను ఒకసారి చూడవలసి ఉన్నది: ఆ ఒక్క బల్బు నెలంతా తినేది, కడ్డీ ఒక్క గంటలో తినే దానికంటె తక్కువ.

ఫ్యాను వంటి మోటారు పరికరాలకు ఓల్టును ఆంపియరుతో గుణించే సూత్రం ఉన్నదున్నట్లుగా వర్తించదు. వాటికి రేకుపై ముద్రించిన వాట్లనే తీసుకోవాలి. ఫ్రిజ్ దానంతట అది ఆగుతూ నడుస్తూ ఉంటుంది గనుక ఈ పద్ధతికి పూర్తిగా లొంగదు. కడ్డీ, ఇస్త్రీపెట్టె, గీజరు, పాత గాజుబల్బు వంటి కేవల నిరోధకాలకు మాత్రం లెక్క దాదాపు సరిగ్గా కుదురుతుంది.

లెక్కకు వచ్చినవి 76, కాగితంలో ఉన్నవి 112. తేడా 36 యూనిట్లు, 288 రూపాయలు. గంటల అంచనాలో తప్పు ఉండవచ్చు. అంత మాత్రాన ఓనరును అనుమానించడం తగదు. మీటరును అడగడం మంచిది.

మీటరును అడిగే విధానం

ఎలక్ట్రానిక్ మీటరుపై ఒక చిన్న ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని ప్రక్కన కిలోవాట్ గంటకు ఎన్ని పల్సులో ముద్రించి ఉంటుంది. 1600 అనీ, 3200 అనీ, వేరొక సంఖ్య అనీ మీటరునుబట్టి మారుతుంది. 3200 అని ఉంటే, ఆ దీపం 3,200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ పూర్తి అయినట్లు.

గదిలో అన్నింటినీ ఆపి, నీటిలో ఉంచిన హీటరు కడ్డీని మాత్రమే నడపాలి. 1500 వాట్లు అంటే గంటకు ఒకటిన్నర యూనిట్లు, అనగా గంటకు 4,800 మిణుకులు, నిమిషానికి 80. చేతిగడియారం చూస్తూ ఒకరు, దీపం చూస్తూ ఒకరు లెక్కించవచ్చు. 75 నుండి 85 వరకు వస్తే మీటరు ఆరోగ్యంగానే ఉన్నట్లు భావించవచ్చు, ఎందుకంటే సరఫరా ఓల్టేజి సరిగ్గా 230 వద్ద నిలిచి ఉండదు. 110, 120 వస్తే మీటరును పరీక్షింపజేయవలసినదే.

రెండవ పరీక్ష ఇంకా సులభం. అన్నీ ఆపివేసి, వాటాలోపలి స్విచ్చుబోర్డు మెయిను కూడా ఆపి, దీపాన్ని గమనించాలి. మిణుకు నిలిచిపోవాలి. ఒకసారి చూసి ఊరుకోకుండా, పొద్దున్న సంపు మోటారు ఆడే వేళలోనూ, రాత్రి మెట్లమీది దీపం వెలిగే వేళలోనూ చూడాలి. గది చీకటిగా ఉండగా, మోటారు మొదలైన క్షణంనుండి మీటరు దీపం నిమిషానికి 32 సార్లు మిణుకుమంటున్నదనుకోవచ్చు. 32ను 60తో గుణించి 3200తో భాగిస్తే 0.6, అంటే 600 వాట్లు. అది రోజుకు రెండు గంటలు నడిస్తే నెలకు 36 యూనిట్లు. వఠారమంతటికీ నీళ్లెక్కించే మోటారు తీగ ఆ ఒక్క వాటా మీటరు వెనుకనుండి పోతున్నదన్నమాట. ఇది దురుద్దేశమే కానక్కరలేదు. ఎప్పుడో మరమ్మతు చేసిన ఎలక్ట్రీషియన్ చేతికి దగ్గరగా ఉన్న తీగకు కలిపి పోయి ఉండవచ్చు.

అప్పుడు మాట కూడా తేలిక అవుతుంది. “అయ్యా, బిల్లు ఎక్కువ వేశారు” అని ఆరంభిస్తే తగవు. “అయ్యా, మా గదిలో అన్నీ ఆపి ఉంచాము. మోటారు ఆడేటప్పుడు మా మీటరు దీపం తిరుగుతోంది. ఒకసారి వచ్చి మీరే చూడండి” అంటే ఓనరు వచ్చి చూస్తారు. చూసిన తరువాత వాదించడానికి ఏమీ మిగలదు.

ఓల్టేజి పడిపోయినపుడు

వేసవి సాయంత్రాలలో దీపాలు మసకబారినప్పుడు, పోనీలే, బిల్లయినా తగ్గుతుందని సరిపెట్టుకునేవారు ఉన్నారు. హీటరు విషయంలో అది నిజం కాదు. సరఫరా 230నుండి 180 ఓల్టులకు పడితే కడ్డీ నిరోధం మారదు; 180 × 180 = 32,400; దానిని 35.3తో భాగిస్తే 918. ఓల్టేజి తగ్గింది ఐదోవంతుకు కొంచెం ఎక్కువ, సామర్థ్యం తగ్గింది దాదాపు రెండైదోవంతులు. వర్గం ఉన్న లెక్కలలో ఇదే తమాషా.

కాని నీటికి కావలసిన వేడి అంతే. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4,186 జౌళ్లు పడతాయి. 20 లీటర్ల బక్కెట్టును 20 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు తేవాలంటే 20 × 25 × 4,186, అనగా సుమారు 21 లక్షల జౌళ్లు, 0.58 యూనిట్. పూర్తి ఓల్టేజి ఉంటే కడ్డీ ఈ పనిని 23 నిమిషాలలో చేస్తుంది. 180 ఓల్టుల వద్ద 38 నిమిషాలు పడుతుంది. యూనిట్లు అవే, పైగా ఆలస్యమైన కొద్దీ బక్కెట్టునుండి గాలిలోకి పోయే వేడి అదనం. తక్కువ వాట్ల కడ్డీ కొంటే బిల్లు తగ్గుతుందన్న నమ్మకానికి కూడా ఇదే సమాధానం. తగ్గాలంటే నీళ్లు తగ్గాలి, లేదా నీటి వేడి తగ్గాలి. బక్కెట్టుపై మూత వేసినా కొంత కలిసివస్తుంది. ఏ కడ్డీ అయినా స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే నీటిలో వేలు పెట్టి చూడాలి.

వరుసగా కలిపితే, ప్రక్కప్రక్కన కలిపితే

వినాయక చవితికి పందిళ్లపై వ్రేలాడే పాతరకం సీరియల్ సెట్టులో చిన్న బల్బులు ఒకదాని తరువాత ఒకటిగా ఒకే తీగపై ఉంటాయి. దీనిని శ్రేణి సంధానం అంటారు. అన్నింటిలోనూ ఒకే ప్రవాహం పారుతుంది; ఓల్టేజి మాత్రం పంచుకోబడుతుంది. 50 బల్బులుంటే ఒక్కొక్కదానికి 4.6 ఓల్టులు. ఒకటి మాడితే దారి తెగి వరుసంతా ఆరిపోతుంది.

ఎలక్ట్రీషియన్లు కుర్రవాళ్లను పరీక్షించడానికి ఒక ప్రశ్న వేస్తూ ఉంటారు. 40 వాట్లది ఒకటి, 100 వాట్లది ఒకటి, రెండు గాజుబల్బులను శ్రేణిలో కలిపి 230 ఓల్టులు ఇస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది? నూరు అని వెంటనే చెప్పినవాడు ఓడినట్లే. 40 వాట్ల బల్బు నిరోధం 1,322 ఓములు, 100 వాట్లది 529, మొత్తం 1,851. ప్రవాహం 230ని 1,851తో భాగించగా 0.124 ఆంపియరు. ప్రవాహం ఒకటే అయినచోట సామర్థ్యం కట్టే పద్ధతి వేరు: ప్రవాహాన్ని ప్రవాహంతో గుణించి, నిరోధంతో గుణించాలి. చిన్న బల్బుకు సుమారు 20 వాట్లు, పెద్ద బల్బుకు 8 వాట్లు వస్తాయి. నలభైదే వెలుగుతుంది, నూరుది ఎర్రగా కనబడీ కనబడకుండా ఉంటుంది. బల్బు తీగ చల్లబడితే నిరోధం తగ్గుతుంది కనుక నిజమైన సంఖ్యలు కొంత మారుతాయి గాని, గెలుపు మాత్రం నలభైదే.

ఇంట్లోని సాకెట్లన్నీ ఇందుకు భిన్నంగా, సమాంతర సంధానంలో ఉంటాయి. ప్రతిదానికీ పూర్తి 230 ఓల్టులు అందుతాయి, ప్రవాహాలు కలిసిపోతాయి. ఒక దారి ప్రక్కన మరొక దారి తెరిచినట్లు, పరికరం కలిపిన కొద్దీ మొత్తం నిరోధం తగ్గుతుంది. కడ్డీ 35.3 ఓములు, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 52.9 ఓములు, రెండూ కలిపి 88 కాదు. ఆ రెండింటి లబ్ధాన్ని మొత్తంతో భాగించాలి. వచ్చేది 21 మాత్రమే. ప్రవాహం 6.5నుండి 10.9 ఆంపియర్లకు పెరుగుతుంది. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఈ రెండింటినీ పెట్టిన ఇంట్లో, ఆ 10.9 ఆంపియర్లూ ఒకే సన్నతీగ గుండా పోవాలి.

తీగలో పుట్టే వేడి

ప్రవాహాన్ని వర్గీకరించి నిరోధంతో గుణిస్తే పుట్టే వేడి తెలుస్తుందన్న నియమాన్ని ఇంగ్లండులో జేమ్స్ జౌల్ 1841లో ప్రకటించాడు. కడ్డీకి వర్తించిన నియమమే గోడలోని తీగకు, ప్లగ్గు ముల్లుకు కూడా వర్తిస్తుంది. ఎక్కడ వేడి కావాలో ఎక్కడ వద్దో అది చూడదు. కావేరిపై శివనసముద్రం వద్ద పుట్టించిన విద్యుత్తును 1902లో దాదాపు 147 కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనులకు పంపినప్పుడు ఇంజనీర్లు ఎదుర్కొన్నదీ దీనినే. అదే సామర్థ్యాన్ని పదిరెట్లు ఎక్కువ ఓల్టేజితో పంపితే ప్రవాహం పదోవంతు అవుతుంది, దారిలో వృథాగా పోయే వేడి నూరోవంతు అవుతుంది. అందుకే దూరపు లైన్లకు అంత ఎత్తు స్తంభాలు, అంత ఓల్టేజి. బెంగళూరు వీధులలో 1905లో వెలిగిన విద్యుద్దీపాలకు ఆ శివనసముద్రమే మూలం.

ఇంట్లో ఓల్టేజిని పెంచే వీలు లేదు. తీగ లావు, బిగింపు సరిగా ఉండడమే మార్గం. చవక ఎక్స్‌టెన్షన్ బాక్సులలో తీగ తరచు 0.75 చదరపు మిల్లీమీటరుది. అయిదు మీటర్ల పొడవు, పోయే తీగ వచ్చే తీగ కలిపి పది మీటర్లు. దాని నిరోధం సుమారు 0.26 ఓము. ఇస్త్రీపెట్టె ఒక్కటే ఉంటే 4.35 ఆంపియర్లు, తీగ పొడవునా పుట్టే వేడి 5 వాట్లు, ఎవరికీ తెలియదు. కడ్డీ కూడా కలిసి 10.9 అయితే 31 వాట్లు. ప్రవాహం రెండున్నర రెట్లు, వేడి ఆరు రెట్లు. తీగను చుట్ట చుట్టి మంచం క్రింద త్రోసిన ఇంట్లో ఆ వేడి పోవడానికి దారి ఉండదు.

అంతకంటె ప్రమాదకరమైనది వదులైన సాకెట్టు. ముల్లు సాకెట్టులో గట్టిగా పట్టనిచోట అరఓము నిరోధం ఏర్పడిందనుకుంటే, 10.9 ఆంపియర్లకు 59 వాట్ల వేడి పుడుతుంది. రేడియో, టీవీ బాగుచేసేవారు సీసం కరిగించడానికి వాడే సోల్డరింగ్ ఐరన్ సాధారణంగా 25 వాట్లది. అటువంటివి రెండింటికి మించిన వేడి శనగగింజంత చోట, ప్లాస్టిక్ లోపల, ప్రతి ఉదయం గంటసేపు. ఎంసీబీ దీనిని పట్టుకోలేదు; దానికి కనబడేది ప్రవాహమే, అది 10.9 దాటలేదు గదా.

చిన్న సాకెట్టుపై 6 ఆంపియర్లని, పెద్దదానిపై 16 ఆంపియర్లని ముద్రించి ఉంటుంది. 6ను 230తో గుణిస్తే 1,380 వాట్లు. 1500 వాట్ల కడ్డీ దానికి ఎక్కువే. 16 ఆంపియర్లకు 3,680 వాట్లు. కడ్డీకి, గీజరుకు అదే స్థానం. పెద్ద సాకెట్టు లేని వాటాలో దానిని వేయించమని ఓనరును అడగవచ్చు. అయితే సాకెట్టు ఒక్కటి మార్చి వెనుక సన్నతీగనే ఉంచితే ప్రయోజనం లేదు. మెయిను బోర్డునుండి 2.5 లేదా 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ విడిగా లాగమనాలి. కడ్డీ వాడిన తరువాత ప్లగ్గును ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండడం వేరు, చేయి తీయవలసినంత వేడిగా ఉండడం వేరు. రెండవది జరిగినా, సాకెట్టు రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ కనబడినా, ముల్లును ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ గుచ్చడం పనికిరాదు. మెయిను ఆపి, సాకెట్టును, ప్లగ్గును రెండింటినీ మార్పించాలి. ఒకటి క్రొత్తది, ఒకటి పాతది అయితే క్రొత్తది కూడా కొద్దిరోజులలో మాడుతుంది.